క్రిస్మస్ విందుకు హ్యామ్ చేయాలి, ఇంట్లో ఎవరికీ రాదు. కాస్త దారి చూపండి

రాలీ_రమణి | డిసెంబర్ 13, శనివారం

అందరికీ నమస్కారం. ఇన్నేళ్లుగా ఇక్కడ ఆవకాయ కొలతలు, అరిసెల పాకం తప్ప నేను వేరే ఏదీ అడిగింది లేదు. ఈసారి కొంచెం చిత్రమైన ప్రశ్న.

మా అమ్మాయికి ఏప్రిల్‌లో పెళ్లి. అబ్బాయి అమెరికన్. వియ్యాలవారిది వర్జీనియా. ఈ నెల 24న మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. 25 గురువారం పడింది, మా ఆయన బాబా భక్తులు, ఆ రోజు నీచు ముట్టరు. అందుకని బుధవారమే పెట్టుకున్నాం. మొత్తం పది మందిమి. "అమ్మా, బిర్యానీతో పాటు మధ్యలో ఒక హ్యామ్ పెడితే వాళ్లకి పండగలా ఉంటుంది" అంది మా అమ్మాయి. హ్యామ్ అంటే ఊరబెట్టిన పంది తొడ. సరే అనేశాను. నేను పుట్టి బుద్ధెరిగాక పంది మాంసం చేత్తో ముట్టుకోలేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. తినడానికి పట్టింపేమీ లేదు, ఆఫీసు పార్టీల్లో ఓ ముక్క తిన్నాను, తియ్యగా ఉప్పగా బాగానే ఉంది.

నిన్న వెళ్లి ఒకటి కొనేశాను కూడా. 13 పౌండ్లు. గుడ్డ సంచిలో కట్టి ఉంది. దీన్ని ముందు కడగాలా? పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచాలా? ఇంకో మాట. సంచి విప్పి చూస్తే పైన తెల్లగా బూజు! బిల్లు ఉంది. వెనక్కి ఇచ్చేయమంటారా?

గరిటె_గిరి | డిసెంబర్ 13

రమణి గారూ, ఆగండి. కత్తి పెట్టకండి, ఉప్పు అసలే పెట్టకండి. ఆ సంచి ఫ్రిజ్‌లోంచి తీసుకున్నారా, బయటి నుంచా?

రాలీ_రమణి | డిసెంబర్ 13

బయటే అండీ. కొక్కేలకి వేలాడదీశారు. పక్కనే పిండి బస్తాలు. నేనూ అనుకున్నాను, మాంసం ఇలా బయట పెడతారేంటని. మీరు అడిగేసరికి టెన్షన్ మొదలైంది.

గరిటె_గిరి | డిసెంబర్ 13

టెన్షన్ వద్దు. పాడైనదేమీ కాదు, మీరు కొనాలనుకున్నది మాత్రం అది కాదు.

నేను రిచ్‌మండ్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా. మీ చేతిలో ఉన్నది కంట్రీ హ్యామ్. పంది తొడని నీళ్లు లేకుండా ఉప్పులో ఊరబెట్టి, నెలల తరబడి వేలాడదీసి ఎండబెడతారు. బరువులో కనీసం 18 శాతం తగ్గితేనే దాన్ని ఆ పేరుతో అమ్మాలి. అంటే ఏంటి? మన ఉప్పుచేప. ఉప్పుచేపని ఎవరైనా కంచం నిండా పెట్టుకుని తింటారా? చిన్న ముక్క, పక్కన పప్పుచారు. ఇదీ అంతే. వర్జీనియా, నార్త్ కరోలినా, టెనసీ, కెంటకీ వాళ్లకి ప్రాణం. మనకి బందరు లడ్డు ఎలాగో వర్జీనియాలో స్మిత్‌ఫీల్డ్ హ్యామ్ అలాగ. ఆ ఊళ్లో ఊరబెట్టినదానికే ఆ పేరు పెట్టాలని 1926లోనే చట్టం చేసుకున్నారు.

ఆ బూజు మామూలే. గట్టి బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో రుద్దితే పోతుంది. తర్వాత కనీసం ఒక రోజు నీళ్లలో నానబెట్టాలి, నీళ్లు మారుస్తూ ఉండాలి. ఉప్పెక్కువ ఉంటే రెండు రోజులు. ఆపైన పెద్ద గిన్నెలో సన్న సెగ మీద గంటలు గంటలు ఉడకాలి. 13 పౌండ్లది పట్టే గిన్నె మీ ఇంట్లో ఉందా?

ఆఫీసు పార్టీలో మీరు తిన్న తియ్యటి, తేమగా ఉన్న హ్యామ్ వేరు. దాన్ని సిటీ హ్యామ్ అంటారు. ఉప్పునీళ్లు ఎక్కించి, పొగబెట్టి, ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికించి ఫ్రిజ్‌లో అమ్ముతారు. గ్లేజ్ అనే తియ్యటి పాకం పూసి మెరిసేలా టేబుల్ మీద పెట్టేది దాన్నే. మొదటిసారి కదా, అదే కొనండి.

పప్పుచారు | డిసెంబర్ 13

శాకాహారిని, ఊరికే చూస్తున్నా. నా పేరు ఎవరో పిలిచినట్టుంటే వచ్చాను.

రాలీ_రమణి | డిసెంబర్ 13

గిరి గారూ, మీకు వెయ్యి దండాలు. ఆ సంచి గరాజ్‌లో కొక్కేనికి తగిలించేశాను, తర్వాత చూద్దాం. ఆ రెండోది కొనేటప్పుడు ఏం చూడాలి? షాపులో పది రకాలున్నాయి.

గరిటె_గిరి | డిసెంబర్ 14, ఆదివారం

లేబుల్ మీద రెండు విషయాలు చూడండి. ఒకటి, "పూర్తిగా వండినది" అని ఉందా, "తినేముందు వండాలి" అని ఉందా. రెండోది, నీళ్లు. ఒట్టి "హ్యామ్" అని ఉంటే నీళ్లు కలపనిది, కొవ్వు తీసేసిన మాంసంలో కనీసం 20.5 శాతం ప్రొటీన్ ఉండాలి. "సహజ రసాలతో" అంటే 18.5. "నీళ్లు కలిపినది" అంటే 17. ఆపైన ఇంకోటుంది, "హ్యామ్ అండ్ వాటర్ ప్రాడక్ట్" అని. దానికి లెక్కాపత్రం లేదు, ఎంత నీళ్లు కలిపారో లేబుల్ మీద రాస్తే చాలు. పాలలో నీళ్లా, నీళ్లలో పాలా అన్నట్టుంటుంది. వీలైతే మొదటి రెండింట్లో ఒకటి.

ఎముక ఉన్నదే తీసుకోండి. కాలి వైపు సగం కొయ్యడం తేలిక, చూడ్డానికీ పండగ బొమ్మలో హ్యామ్‌లా ఉంటుంది. పది మందికి 8, 9 పౌండ్లు చాలు, బిర్యానీ కూడా ఉంది కదా.

ఇక చుట్టూ ముక్కలుగా కోసి అమ్మే స్పైరల్ హ్యామ్ ఉంటుంది. డెట్రాయిట్‌లో హ్యారీ హోన్సెలార్ అనే ఆయన ఆ కోత యంత్రానికి 1952లో పేటెంట్ తీసుకున్నారు, అప్పటి నుంచి అమెరికా ఇళ్లలో కత్తి పట్టే పని తప్పింది. వడ్డించడానికి హాయి. కానీ ఆ కోతల్లోంచి తేమ పోయి తొందరగా ఎండిపోతుంది. నా ఓటు కోయనిదానికే.

లీడ్స్_పిల్ల | డిసెంబర్ 14

రమణి ఆంటీ, ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో బ్రిటిష్ వీడియోలు చూసి ఫాలో అయిపోకండి. మా దగ్గర "గామన్" అని అమ్ముతారు, అది ఉప్పులో ఊరిందే కానీ పచ్చిది. ముందు నీళ్లలోనో, యాపిల్ సైడర్‌లోనో, కొందరైతే కోకా కోలాలోనో ఉడికించి, తోలు వలిచి, తర్వాత ఓవెన్‌లో పెడతాం. మీరు కొనేది వండేసినది కాబట్టి ఆ లెక్కన వండితే తాడు అయిపోతుంది.

నా మొదటి గామన్ కథ చెప్పనా? నర్సుగా నైట్ డ్యూటీ చేసి వచ్చి, నిద్రమత్తులో తేనె, బ్రౌన్ షుగర్ మొదట్లోనే పూసేసి రెండు గంటలు ఓవెన్‌లో వదిలేశాను. స్మోక్ అలారం మోగితే లేచాను. పైన అంతా బొగ్గు, ట్రే గోకడానికి మూడు రోజులు. తీపి ఎప్పుడూ చివర్లోనే!

మెట్టుగూడ_వాలా | డిసెంబర్ 14

మా సికింద్రాబాద్‌లో రైల్వే క్వార్టర్ల పక్కన పెరిగాను. ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కి ముందు సాల్ట్ మీట్ వేసేవాళ్లు. గొడ్డు మాంసానికి ఉప్పు, నిమ్మరసం, చిటికెడు సురేకారం పట్టించి, ఫోర్కుతో పొడుస్తూ రోజూ తిరగేసేవాళ్లు. కోస్తే లోపల గులాబీ రంగు. పక్కింటి ఆంటీ బ్రెడ్ మధ్య పెట్టి ఇచ్చేది, ఇంట్లో తెలియకుండా గోడ దగ్గరే తినేవాణ్ణి. హ్యామ్‌కి కూడా ఆ రంగు సురేకారం వల్లేనా? పచ్చి తొడ తెచ్చి నేను ఇంట్లో ఊరబెట్టొచ్చా?

గరిటె_గిరి | డిసెంబర్ 14

సూత్రం అదే. ఇప్పుడు వాడేది ఎక్కువగా సోడియం నైట్రైట్. మాంసంలోని ఎర్ర పదార్థంతో కలిసి, ఉడికినా గోధుమరంగుకు తిరక్కుండా గులాబీగా ఉంచుతుంది, ప్రమాదకరమైన సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుంది.

కానీ బ్రదర్, కొలత తెలియకుండా చెయ్యొద్దు. పొడి పట్టించి ఊరబెట్టే పద్ధతిలో 6.25 శాతం నైట్రైట్ ఉన్న క్యూరింగ్ ఉప్పు కిలో మాంసానికి 2.5 గ్రాములు, అంతే. ఎక్కువైతే విషం. ఇంకో గండం ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లో పింక్ సాల్ట్ అంటారు, మన సైంధవ లవణాన్నీ పింక్ సాల్ట్ అనే అమ్ముతారు. రెండింటికీ సంబంధమే లేదు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ఇటూ ముప్పే, అటూ ముప్పే.

బెల్లంపాకం | డిసెంబర్ 15, సోమవారం

రమణీ, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఎంతసేపూ మాంసం, మాంసం. ఫ్యాక్టరీవాడు వండేసి ఇచ్చాక నువ్వు చేసేది వేడి చెయ్యడం, పాకం పట్టడం. అరిసెలకి పాకం పట్టిన చెయ్యికి ఇదో లెక్కా? మాది తెనాలి, ఇప్పుడు డాలస్. ఏడేళ్లుగా మా కోడలు కోసం చేస్తున్నాను. నా కొలత రాసుకో.

తురిమిన బెల్లం ఒక కప్పు, నారింజ రసం అర కప్పు. బెల్లం కరగ్గానే వడగట్టు, ఇసుక ఉంటుంది. చిక్కటి చింతపండు గుజ్జు రెండు పెద్ద చెంచాలు. వీళ్లు యాపిల్ సైడర్ వెనిగర్ పోస్తారు, ఆ పులుపు ముక్కుకి తగుల్తుంది, చింతపండు పులుపు నాలుక మీద నిలుస్తుంది. లవంగాల పొడి పావు చెంచా, అంతకు మించితే పంటినొప్పి మందు వాసన వస్తుంది. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చెంచా, శొంఠి అర చెంచా, గుంటూరు కారం అర చెంచా నుంచి ఒకటి దాకా, మీ వియ్యాలవారి గుండె ధైర్యాన్ని బట్టి. ఉప్పు వెయ్యకు. చేతి అలవాటు కొద్దీ పడిపోతుంది, ఉప్పు డబ్బా ఎత్తి అవతల పెట్టు.

ఇక పాకం. అరిసెల పాకం కాదు, తీగ పాకం కూడా కాదు. గరిటె వెనక పట్టుకుని, వేలితో గీత గీస్తే గీత నిలవాలి. చల్లటి సాసర్‌లో చుక్క వేస్తే తేనెలా మెల్లగా జారాలి. ఓవెన్‌లో అది ఇంకా ముదురుతుంది కాబట్టి లేతగానే దించు. దించాక డిజాన్ ఆవ ముద్ద రెండు పెద్ద చెంచాలు కలుపు. పనసపొట్టు కూరకి ఆవ ఎప్పుడు కలుపుతాం? దించాకే కదా. పొయ్యి మీద వేస్తే ఘాటు పోతుంది. ఓవెన్‌లో ఎలాగూ కొంత పోతుందనుకో, అందుకే కొంచెం విడిగా గిన్నెలో టేబుల్ మీద కూడా పెట్టు.

స్టాక్‌హోమ్_చలి | డిసెంబర్ 15

పిన్నిగారూ, ఇక్కడ స్వీడన్‌లో పాకం లేదు, అంతా ఆవే. యూల్‌షింకా అంటారు. ఉడికిన హ్యామ్ తోలు తీసి, ఆవ ముద్దలో గుడ్డు సొన, కాస్త చక్కెర కలిపి పూసి, పైన బ్రెడ్ పొడి చల్లి, ఎక్కువ వేడి మీద కాసేపు ఓవెన్‌లో పెడితే బంగారు రంగు వస్తుంది. ఉడికించిన నీళ్లు పారబొయ్యరు, అందులో బ్రెడ్ ముంచుకుని తింటారు. రసంలో గారె ముంచినట్టే. చల్లారాకే కోస్తారు కాబట్టి అతిథులు గంట లేటైనా బాధ లేదు.

రాలీ_రమణి | డిసెంబర్ 21, ఆదివారం

కోయని సిటీ హ్యామ్ తెచ్చాను, ఎనిమిదిన్నర పౌండ్లు. పూర్తిగా వండినది, సహజ రసాలతో. పిన్నీ, మీ పాకం నిన్న కొంచెం ట్రయల్ వేశాను, మా ఆయన ఇడ్లీలో నంజుకున్నారు. ఇప్పుడు టైమింగ్ చెప్పండి. భోజనం సాయంత్రం ఆరింటికి. లవంగాలు గుచ్చాలా?

గరిటె_గిరి | డిసెంబర్ 21

రెండున్నరకి ఫ్రిజ్‌లోంచి తియ్యండి. పై కొవ్వు మీద కత్తి మొనతో వజ్రాల గడులు గియ్యండి, లోతు పావు అంగుళం మించొద్దు. మాంసం దాకా తెగితే కొవ్వు విప్పుకుని అందం పోతుంది. కోసిన వైపు కిందికి ఉండేలా ట్రేలో పెట్టి, ఒక కప్పు నీళ్లు పోసి, ఫాయిల్‌తో బిగించి మూసెయ్యండి. మూడింటికి 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో లోపలికి. పౌండుకి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది, కానీ గడియారాన్ని నమ్మొద్దు, థర్మామీటర్‌ని నమ్మండి. బాగా మందంగా ఉన్న చోట గుచ్చాలి, ఎముకకి తగలకూడదు, తగిలితే తప్పుడు లెక్క చూపిస్తుంది.

లోపల 120 రాగానే ఫాయిల్ తీసి, ఓవెన్ 400కి పెంచి, పాకం సగం పూయండి. పది నిమిషాలయ్యాక మళ్లీ పూత. ఇంకో పది నిమిషాలు. అక్కణ్ణుంచి కదలొద్దు, ఫోన్ ఎత్తొద్దు. లోపల 140 చూపిస్తే చాలు. అంతకు ముందే నల్లబడేలా ఉంటే మళ్లీ ఫాయిల్ కప్పి, వేడి తగ్గించండి. బయట పెట్టి ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి కొయ్యండి.

లవంగాలు గుచ్చితే ఫొటోకి బాగుంటుంది. కోసేటప్పుడు ఒక్కోటీ ఏరాలి, ఏరకపోతే వియ్యంకుడి పంటి కింద పడుతుంది. పిన్నిగారి పొడి ఉందిగా, చాలు.

లీడ్స్_పిల్ల | డిసెంబర్ 21

నర్సు బుద్ధి పోనిచ్చుకోలేక ఒక మాట. బీపీ ఉన్నవాళ్లు ఉంటే ముందే చెప్పండి, రెండు మూడు ముక్కల్లోనే 1,000 మిల్లీగ్రాముల సోడియం దాటిపోవడం మామూలు. పక్కన ఉప్పు లేని కూరగాయలు ఏవైనా ఉంచండి. పిలిచినవాళ్లలో పంది తిననివాళ్లుంటే వాళ్ల గరిటెలు, గిన్నెలు విడిగా.

పప్పుచారు | డిసెంబర్ 21

పులిహోర పెట్టండి. నాలాంటివాళ్లు బతుకుతారు, హ్యామ్ తినేవాళ్లకీ నోరు మారుతుంది.

రాలీ_రమణి | డిసెంబర్ 26, శుక్రవారం

అయ్యింది! రెండు రోజులుగా గిన్నెలు తోముతున్నాను, అందుకే ఆలస్యం.

ముందు తప్పు చెప్తాను. వాళ్లు అరగంట ముందే వచ్చేశారు. పాకం పొయ్యి మీద ఉంది. బొట్టు పెట్టాలా వద్దా అని నేను గుమ్మంలో ఆలోచిస్తూ నిలబడ్డాను, వియ్యపురాలే నుదురు ముందుకు పెట్టింది, మా అమ్మాయి నేర్పినట్టుంది. ఆ మాటల్లో పడి వంటింట్లోకి వచ్చేసరికి పాకం ముదిరిపోయింది. సాసర్‌లో చుక్క వేస్తే టంగుమని రాయిలా నిలబడింది. గుండె గుభేలుమంది. కాసిని నారింజ రసం పోసి సన్న సెగ మీద కలుపుతూ ఉంటే మళ్లీ దారికొచ్చింది, ఆ తర్వాతే ఆవ కలిపాను. రంగు మాత్రం కాస్త నలుపు.

ఓవెన్‌లోంచి తీశాక ఆ గడులన్నీ విచ్చుకుని, అంచులు ముదురు ఎరుపు, మధ్యలో పాకం గాజులా మెరుస్తూ ఉంది. లవంగం, చింతపండు కలిసిన వాసన ఇల్లంతా. "ఇందులో పులుపు ఏంటి?" అని వియ్యంకుడు మూడుసార్లు అడిగారు. చింతకాయ ఫొటో ఫోన్‌లో చూపించాం. వియ్యపురాలు హ్యామ్ ముక్క మీద గోంగూర పచ్చడి వేసుకుని తిన్నారు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే. పులిహోర గిన్నె ఖాళీ. మిగిలింది బిర్యానీయే, మా ఆయన ఇంకా అలిగే ఉన్నారు.

అసలు కథ గరాజ్‌లో జరిగింది. ఇంకో కుర్చీ కోసం వియ్యంకుడు మా ఆయనతో వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న సంచి చూసి ఆగిపోయారట. వాళ్ల నాన్న పొగ గదిలో ఇలాంటివి వరసగా వేలాడేవట. ఇద్దరూ పావుగంట రాలేదు. ఇప్పుడు ఆయన వచ్చి దాన్ని నానబెట్టి చేసిపెడతారట, పల్చగా కోసి, వేపిన మూకుట్లో కాఫీ డికాక్షన్ పోసి రెడ్ ఐ గ్రేవీ చేస్తారట. కాఫీతో గ్రేవీ ఏంటో!

గరిటె_గిరి | డిసెంబర్ 26

నిజమే, ఉంటుంది. బిస్కెట్‌తో తింటారు, మన తీపి బిస్కెట్ కాదు, మెత్తటి బన్నులాంటిది. ఒకసారి రుచి చూశాక మాట్లాడండి. మిగిలిన హ్యామ్ ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులే. ఎముక పారెయ్యకండి!

బెల్లంపాకం | డిసెంబర్ 26

ముదిరిన పాకానికి రసం పోసి తిప్పుకున్నావు చూడు, అది చాలు నాకు. ఎముకని ఫ్రీజర్‌లో దాచి, జనవరి 1న దానితో బొబ్బర్లు ఉడికించు. ఆ దక్షిణాది వాళ్లకి కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లు తినడం శుభం. హాపిన్ జాన్ అని అన్నంతో కలిపి వండుతారు. మీ వియ్యంకుణ్ణి అడుగు, కాదనడు.

రాలీ_రమణి | డిసెంబర్ 26

పిన్నీ, క్యాలెండర్ చూశారా? జనవరి 1 కూడా గురువారమే. మా ఆయనకి బొబ్బర్లు విడిగా, ఎముక లేకుండా. మిగతావాళ్లకి ఎముకతో. నానబెట్టిన బొబ్బర్లయితే కుక్కర్‌లో ఎన్ని విజిల్స్?

బెల్లంపాకం | డిసెంబర్ 26

ముందు ఎముకని ఒక్కదాన్నే నీళ్లలో సన్న సెగ మీద గంటన్నర ఉడకనివ్వు. తర్వాత బొబ్బర్లు వేసి రెండు విజిల్స్. ఉప్పు చివర్లో, రుచి చూశాకే.